బగ్‌ల చిట్టా ఎక్కడ ఉండాలి? మాస్టారికి ఏమని చెప్పాలి?

పాలకొల్లు దగ్గరి ఒక గ్రామం నుంచి ఒక పాఠకురాలు రాసిన పొడవైన ఉత్తరాన్ని ఆమె మాటలకు వీలైనంత దగ్గరగా కుదించి ముందుగా ఇస్తున్నాము.

భీమవరంలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉండగా ఆమె, ఆమె సహాధ్యాయి కలిసి వనామీ రొయ్యల చెరువుల లెక్కలు రాసుకునే మొబైల్ యాప్ ఒకటి తయారు చేశారు. ఎంత సీడ్ (రొయ్య పిల్లలు) వదిలారు, పూటకు ఎంత మేత పడింది, చెక్‌ట్రేలో ఎంత మిగిలింది, డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్), పీహెచ్, ఉప్పదనం ఎంత ఉన్నాయి, ఎన్నో రోజుకు ఎంత కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు) వచ్చింది అన్నవన్నీ రైతు అందులో తెలుగులోనే నమోదు చేసుకోవచ్చు. గట్టు మీద సిగ్నల్ లేకపోయినా అది పనిచేస్తుంది. వాళ్లిద్దరికీ పాఠాలు చెప్పి, తరువాత పదవీ విరమణ చేసిన కంప్యూటర్ మాస్టారు మూడో మనిషిగా చేరారు. కోడ్‌ను ఎవరైనా వాడుకుని మార్చుకునే వీలిచ్చే జీపీఎల్ లైసెన్సుతో అందరికీ విడుదల చేయాలని పట్టుబట్టింది ఆయనే. ఇప్పుడు ఉండి, ఆకివీడు, కాళ్ల, మొగల్తూరు వైపు రైతులూ, నీటి పరీక్షల ల్యాబుల్లో పనిచేసే టెక్నీషియన్లూ ఆ యాప్‌ను వాడుతున్నారు. ఒడియాలోకి, బెంగాలీలోకి అనువదిస్తామని ఆ రాష్ట్రాల నుంచి ఇద్దరు ముందుకు వచ్చారు.

చిక్కు ఎక్కడంటే, యాప్‌లోని తప్పుల (బగ్‌ల) సమాచారం నాలుగు దారుల్లో వస్తోంది. రైతులు వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజీలు, స్క్రీన్ ఫొటోలు పెడతారు. ల్యాబ్ టెక్నీషియన్లు నేరుగా ఈమెకే ఫోన్ చేస్తారు. కోడ్ రాసేవాళ్లు, ఆ కోడ్ ఉంచిన గిట్‌హబ్ సైటులో ఇంగ్లిషులో ఇష్యూలు (ఫిర్యాదు పేజీలు) తెరుస్తారు. మాస్టారు తన కంప్యూటర్‌లో ఒక ఎక్సెల్ షీటు నడుపుతూ వారానికోసారి మెయిల్‌లో పంపుతారు. రాత్రిపూట తీసిన డీఓ రీడింగు తప్పు తేదీలో కనిపిస్తోందన్న సంగతి ఈ నాలుగు దారుల్లోనూ నాలుగు రకాలుగా వచ్చింది. అదంతా ఒకే బగ్ అని తెలుసుకునేసరికి ఒక పంట పూర్తయిపోయింది.

సంక్రాంతికి ముగ్గురూ ఒకచోట కూర్చున్నప్పుడు ఈ విషయం మీద మాటా మాటా పెరిగింది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న సహాధ్యాయి గ్రూపు మూసేసి అందరూ గిట్‌హబ్‌లోనే రాయాలన్నాడు. పరాయి కంపెనీ చేతిలో మన చిట్టా పెట్టేది లేదని, బగ్‌ల చిట్టా నడిపే సాఫ్ట్‌వేర్లయిన బగ్‌జిల్లా గానీ రెడ్‌మైన్ గానీ తన ఇంట్లో ఉన్న కంప్యూటర్ మీద తానే నడుపుతానని మాస్టారు అన్నారు. అప్పటినుంచి వాళ్లిద్దరి మధ్య మాటలు లేవు, ఇద్దరూ ఈమెకే ఫోన్ చేస్తున్నారు. ఏ ట్రాకర్ (అలాంటి చిట్టా సాఫ్ట్‌వేర్) ఎంచుకోవాలి, మాస్టారి మనసు నొప్పించకుండా ఎలా చెప్పాలి, ట్రాకర్‌లో లేబుళ్లు తెలుగులో ఉండాలా ఇంగ్లిషులోనా అన్నవి ఆమె ప్రశ్నలు.

సమాధానం:

ముందు ఆ డీఓ బగ్ సంగతి చూద్దాం, ఎందుకంటే మీ చిక్కు మొత్తం అందులోనే ఉంది. మీరు రాసిన ప్రకారం గ్రూపులో ఒక రైతు “తెల్లవారుజామున తీసిన డీఓ పోయింది” అన్నారు. ఒక టెక్నీషియన్ ఫోన్‌లో “నిన్నటి గ్రాఫ్‌లో ఒక రీడింగు ఎక్కువ కనబడుతోంది” అన్నారు. గిట్‌హబ్‌లో ఒకరు తేదీ వడపోత సరిగా లేదని రాశారు. మాస్టారి షీటులో “రాత్రి రికార్డులు నమ్మదగినవి కావు” అని ఉంది. చివరికి తేలిన కారణం ఒక్కటే: యాప్ సమయాన్ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) దాచుకుని, తేదీని కూడా అక్కడినుంచే తీసుకుంటోంది. మన సమయం యూటీసీ కన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది కనుక అర్ధరాత్రి నుంచి ఉదయం 5.30 లోపు తీసిన ప్రతి రీడింగూ ముందు రోజు ఖాతాలో పడుతుంది. చెరువులో ఆక్సిజన్ అన్నిటికన్నా తగ్గేది కూడా సరిగ్గా ఆ వేళలోనే. రైతు నిద్ర మానుకుని ఏరియేటర్ల (నీటికి గాలి అందించే యంత్రాల) దగ్గర కాపలా ఉండేది ఆ గంటల కోసమే. అంటే మీ యాప్ అన్నిటికన్నా అవసరమైన సమయంలోనే తప్పు చూపించింది. ఆ మాట నలుగురు చెప్పినా ఎవరికీ పూర్తి బొమ్మ కనబడలేదు.

ఇప్పుడు ఒక్క క్షణం ఆలోచించండి. ఆ రోజు మీ దగ్గర బగ్‌జిల్లా ఉండి ఉంటే ఏం జరిగేది? గ్రూపులోని మాట గ్రూపులోనే, ఫోన్‌లోని మాట ఫోన్‌లోనే ఉండిపోయేవి, బగ్‌జిల్లాలో మాత్రం ఒకటో రెండో చేరేవి. గిట్‌హబ్ అప్పటికే ఉంది, అయినా ఫలితం లేకపోయింది. వచ్చిన ప్రతి మాటనూ ఒకేచోట రాసి, దానికొక నంబరు ఇచ్చి, పాతవాటితో పోల్చి చూసే మనిషి లేకపోవడమే లోపం. ఇంగ్లిషులో ఈ పనిని ట్రయాజ్ అంటారు. ఏ ట్రాకర్ ఎంచుకున్నా ఈ పనిని అది చేయదు, చేసే మనిషికి కాస్త వీలు కల్పిస్తుంది, అంతే. కనుక “ఏది మంచిది” అని పోల్చడానికి ముందు “వారం వారం దీన్ని ఎవరు చూస్తారు” అన్న ప్రశ్నకు మీ ముగ్గురూ జవాబు చెప్పుకోవాలి. జవాబు లేకపోతే ఏ ట్రాకరైనా ఆరు నెలల్లో ఎవరూ తెరవని పెట్టె అవుతుంది.

మీ ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంతో దాటేసిన సంగతి ఒకటుంది. మాస్టారు ఒకసారి గిట్‌హబ్‌లో ఇదే బగ్‌ను తెలుగులో వివరంగా రాశారనీ, మీ సహాధ్యాయి “నా ఫోనులో బాగానే పనిచేస్తోంది” అని ఒక ముక్క రాసి దాన్ని మూసేశాడనీ అన్నారు. అతను మధ్యాహ్నం పూట పరీక్షించి ఉంటాడు, మధ్యాహ్నం ఆ బగ్ కనబడదు. ఆయన ఎక్సెల్ షీటు మొదలుపెట్టింది ఆ తరువాతి వారంలోనే అని మీరే రాశారు. పరాయి కంపెనీ మీద మాస్టారి అభ్యంతరం నిజమైనదే, దాని గురించి కింద రాస్తాను. కానీ పాఠం చెప్పిన మనిషి జాగ్రత్తగా రాసి పెట్టిన మాటను పాత విద్యార్థి ఒక్క వాక్యంతో కొట్టిపారేశాడన్న బాధ కూడా ఆ అభ్యంతరం వెనక ఉందని నాకు అనిపిస్తోంది. నా అంచనా తప్పు కావచ్చు, మీకు ఆయన దగ్గరివారు గనుక మీరే తేల్చుకోండి. అది నిజమైతే మాత్రం సర్వర్ ఎక్కడ పెట్టినా ఈ తగవు తీరదు.

అందుకే మొదట రాసుకోవలసింది మూసేసే పద్ధతి. బగ్‌జిల్లాలో ఒక బగ్‌ను మూసేటప్పుడు కారణం ఎంచుకోవాలి: సరిచేశాం, ఇది బగ్ కాదు, ఇదివరకే వచ్చింది, సరిచేయబోము, మా దగ్గర కనిపించలేదు. చివరిది తేలికగా వాడే కారణం, అన్నిటికన్నా ఎక్కువ మనస్పర్థలు తెచ్చేదీ అదే. “మా దగ్గర కనిపించలేదు” అని మూసేవారు ఏ ఫోనులో, ఏ వెర్షన్‌తో, ఏ సమయంలో పరీక్షించారో కచ్చితంగా రాయాలని నియమం పెట్టుకోండి. ఆ ఒక్క నియమం ఉండి ఉంటే “మధ్యాహ్నం రెండు గంటలకు” అన్న మాట చూసి మాస్టారే వెంటనే తప్పు పట్టుకునేవారు. కొంతకాలం కదలిక లేని ఇష్యూలను వాటంతటవే మూసేసే బాట్‌లు గిట్‌హబ్ ప్రాజెక్టుల్లో చాలాచోట్ల కనిపిస్తాయి. మీరు వాటి జోలికి పోకండి. పంట మధ్యలో బగ్ చెప్పిన రైతు పంట పట్టేదాకా మళ్లీ తొంగి చూడకపోవచ్చు, అంతమాత్రాన బగ్ పోయినట్టు కాదు.

రైతుల గ్రూపు మూసేయాలన్న మీ సహాధ్యాయి సూచనను నేను ఒప్పుకోలేను. నీటిలో నిలబడి మేత చల్లే మనిషిని ఖాతా తెరవమని, పాస్‌వర్డ్ పెట్టుకోమని, ఇంగ్లిషులో ఇష్యూ రాయమని అడిగితే అతను బగ్ చెప్పడం మానేస్తాడు, ఆ తరువాత యాప్ వాడడం మానేస్తాడు. ఖాతా అడగకుండా ఫిర్యాదు తీసుకోవడం మనం కొత్తగా కనిపెట్టే పద్ధతి కూడా కాదు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి తయారుచేసే డెబియన్ ప్రాజెక్టు బగ్‌ల వ్యవస్థ 1994 నుంచి ఈమెయిల్ మీదే నడుస్తోంది, ఎవరైనా ఒక మెయిల్ పంపితే బగ్‌కు నంబరు పడుతుంది, ఖాతా అక్కర్లేదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ తయారుచేసేవారు మామూలు అర్థంలో ట్రాకర్ అనేదే పెట్టుకోలేదు. ఫారమ్‌లో నింపిన ఫిర్యాదుకు ఒక నంబరు పడి, డెవలపర్లు చదివే మెయిళ్లలోకి వెళుతుంది. మీ రైతులకు ఈమెయిల్ స్థానంలో వాట్సాప్ ఉంది. దాన్ని తలుపుగా ఉంచండి, చిట్టాగా మాత్రం ఉంచకండి.

ఇందులో చేయవలసిన పని ఇలా ఉంటుంది. ఈ వారం వంతు ఎవరిదైతే వాళ్లు గ్రూపులో వచ్చిన ప్రతి ఫిర్యాదునూ ట్రాకర్‌లోకి ఎక్కించి, ఆ నంబరును రైతుకు తెలుగులో తిరిగి చెప్పాలి. ఏ ఫోను, ఏ వెర్షన్, ఏం చేస్తుంటే జరిగింది, తెర మీద ఏం కనబడింది అన్న నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు, ఐదోది అడిగితే జవాబు రాదు. రైతు చెప్పిన మాటను తెలుగులో ఉన్నదున్నట్టు రాసి, శీర్షిక మాత్రం ఒక్క వాక్యం ఇంగ్లిషులో పెడితే ఒడియా, బెంగాలీ అనువాదకులకు కూడా ఉపయోగపడుతుంది. వాయిస్ మెసేజీని తప్పకుండా అక్షరాల్లోకి మార్చండి, వెతికినప్పుడు దొరికేది అక్షరమే. బగ్ సరిచేశాక ఆ నంబరుతోనే గ్రూపులో చెప్పండి. ఇది విసుగు పుట్టించే పని. వంతులవారీగా కాకుండా అంతా మీ ఒక్కరి మీద పడితే మీరే మొదట పారిపోతారు. ఫోన్ చేసే టెక్నీషియన్లలో ఒకరిద్దరికి ఈ పని నేర్పి చూడండి. నీళ్ల పరీక్ష వివరాలు పద్ధతిగా రాయడం వాళ్లకు అలవాటే.

ఎక్కించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. మీ ట్రాకర్ ప్రపంచమంతా చూసేది. స్క్రీన్ ఫొటోలో రైతు పేరు, ఫోన్ నంబరు, చెరువు ఉన్న చోటు ఉండవచ్చు. ఇప్పటి కౌంట్ ఎంత, ఎన్నో రోజు అన్నది బయటపడితే రొయ్యల పట్టుబడి ఎప్పుడో కొనేవారికి ముందే తెలిసిపోతుంది. వైట్‌స్పాట్ (రొయ్యల తెల్లమచ్చ వ్యాధి) అనుమానం రాసుకున్న పేజీ ఫొటో బయటకు వెళితే ఆ రైతుకు జరిగే నష్టం మీరు పూడ్చలేనిది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సంగతి పక్కన పెట్టినా, మిమ్మల్ని నమ్మి పంపిన ఫొటో అది. కనుక ఫొటోలోని పేర్లు, నంబర్లు, స్థలం చెరిపాకే పెట్టండి. భద్రతకు సంబంధించిన లోపాలను, అంటే ఒకరి లెక్కలు మరొకరికి కనిపించడం వంటివాటిని, బహిరంగంగా రాయకుండా మీ ముగ్గురికే వెళ్లే మెయిల్ చిరునామా ఒకటి పెట్టండి.

ఇక మీరు అడిగిన ఎంపిక. గిట్‌హబ్‌నే ఉంచుకుంటే కోడ్ రాసేవాళ్లకు కొత్త ఖాతా అక్కర్లేదు, సర్వర్ ఖర్చు లేదు, రాత్రిపూట ఆగిపోతే లేచి చూడవలసిన పని మీకు లేదు. మాస్టారి భయం ఇక్కడే మొదలవుతుంది, అది ఉత్త భయం కాదు. గిట్‌హబ్‌ను 2018లో మైక్రోసాఫ్ట్ కొన్నది. మీ కోడ్‌ను ఎవరు క్లోన్ చేసుకున్నా (పూర్తి నకలు తీసుకున్నా) చరిత్రతో సహా మొత్తం వారి దగ్గరికి వస్తుంది, కానీ ఇష్యూలు ఆ క్లోన్‌లో రావు, అవి గిట్‌హబ్ వారి డేటాబేస్‌లోనే ఉంటాయి. కౌలుకు తీసుకున్న చెరువు లాంటిది ఇది: పంట మీది, వేసిన గట్టు మాత్రం గడువు తీరాక మీ వెంట రాదు. గూగుల్ కోడ్ అనే ఇలాంటి సేవను మూసేస్తున్నామని 2015 మార్చిలో ప్రకటించి 2016 జనవరిలో మూసేశారు. దాని మీద ఆధారపడ్డ ప్రాజెక్టులన్నీ సామాను సర్దుకోవలసి వచ్చింది. మన దేశంలోనే 2014 డిసెంబరు చివర్లో ప్రభుత్వ ఆదేశంతో కొన్ని సైట్లను ఆపినప్పుడు వాటిలో గిట్‌హబ్ కూడా ఉంది. ఆ ఆంక్ష కొద్ది రోజులే ఉన్నా, మాస్టారి మాటకు అది సాక్ష్యమే.

దీనికి విరుగుడు ఉంది. గిట్‌హబ్ ఏపీఐ (ప్రోగ్రాములు సమాచారం తీసుకునే దారి) ద్వారా ఇష్యూలన్నిటినీ, వాటి కింది వ్యాఖ్యలతో సహా, వారానికోసారి దించుకుని మరో రిపాజిటరీలో (కోడ్, ఫైళ్లు భద్రపరిచే చోట) దాచవచ్చు. గిట్‌హబ్ లాంటిదాన్ని సొంత కంప్యూటర్ మీదే నడుపుకోనిచ్చే గిటీ వంటి సాఫ్ట్‌వేర్‌లో గిట్‌హబ్ నుంచి కోడ్‌తో పాటు ఇష్యూలను, లేబుళ్లను దిగుమతి చేసుకునే సౌకర్యం ఉంది. మాస్టారి ఇంటి కంప్యూటర్ మీద గిటీ పెట్టి, మూడు నెలలకోసారి దానిలోకి మొత్తం దించి, నిజంగా తెరుచుకుంటోందో లేదో చూస్తే గిట్‌హబ్ రేపు లేకపోయినా మీ చిట్టా మీ దగ్గర ఉంటుంది. తెరిచి చూడని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోకండి.

మాస్టారు చెప్పిన సొంత సర్వర్ దారిలో లాభాలు తక్కువేమీ కావు. బగ్‌జిల్లా 1998లో మొజిల్లా బ్రౌజర్ ప్రాజెక్టు కోసం పుట్టింది, పెర్ల్ భాషలో రాసి ఉంటుంది. పెద్ద ప్రాజెక్టుల్లో ఏ భాగంలో బగ్, ఎంత తీవ్రం, ఏది దేని మీద ఆధారపడింది అని విభజించడంలో దానికి సాటి వచ్చేవి కొన్నే. రెడ్‌మైన్ 2006లో వచ్చింది, రూబీ ఆన్ రైల్స్ మీద నడుస్తుంది, పనుల పంపకం కూడా చూస్తుంది. వీటికన్నా తేలిక కావాలనుకుంటే పీహెచ్‌పీ మీద నడిచే మాంటిస్ ఉంది, చవక హోస్టింగులోనూ పెట్టవచ్చు. అన్నీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లే. కానీ బగ్‌జిల్లాలో కొత్తగా బగ్ రాయబోయే మనిషి ఎదురుగా ప్రాడక్ట్, కాంపొనెంట్, వెర్షన్, సివియారిటీ అంటూ గళ్లు వరసగా నిలబడతాయి. ముగ్గురు మనుషుల యాప్‌కు అన్ని గళ్లు అక్కర్లేదు. అవి ఖాళీగానో, ఏదో ఒకటి ఎంచుకునో ఉండిపోతాయి.

అంతకన్నా పెద్ద మాట “ఇంటి కంప్యూటర్” అన్నది. మన ప్రాంతంలో ఇళ్లకు ఇచ్చే ఇంటర్‌నెట్‌లో సొంత స్థిరమైన ఐపీ చిరునామా సాధారణంగా ఉండదు. బయటివాళ్లు ఆ మెషీన్‌ను చేరాలంటే అదనపు ఏర్పాట్లు కావాలి. తుఫాను వస్తే కరెంటు రోజుల తరబడి ఉండదని కోనసీమలో 1996 నవంబరు చూసినవారికి చెప్పనక్కర్లేదు, భీమవరం వైపు కూడా గాలివానకు తీగలు తెగడం కొత్త కాదు. రైతులకు మీ యాప్ అవసరం ఎక్కువగా ఉండే రోజులూ అవే. నెలకు కొన్ని వందల రూపాయలకు అద్దె సర్వర్ తీసుకుంటే కరెంటు సంగతి తీరుతుంది. స్పామ్ ఖాతాలు తీసేయడం, భద్రతా అప్‌డేట్లు పెట్టడం, డొమైన్ గడువు మరవకుండా చూడటం అన్నవి మాత్రం తీరవు, ఎవరో ఒకరు ప్రతి నెలా చేయాలి. మాస్టారు ఇప్పుడు ఉత్సాహంగా చేస్తారు. ఆయన నెల రోజులు అమెరికాలో కొడుకు దగ్గరికి వెళితే? ఈ ప్రశ్న ఆయన్ని తక్కువ చేయడానికి కాదు, మీ ముగ్గురిలో ఎవరినైనా ఇదే అడగాలి. పాస్‌వర్డులు కనీసం ఇద్దరి దగ్గర ఉండి, రెండో మనిషి ఒక్కసారైనా సర్వర్‌ను స్వయంగా తిరిగి నిలబెట్టి చూడగలిగితేనే ఈ దారి పట్టండి.

మధ్య దారి ఒకటుంది. గిటీ నుంచి 2022లో విడివడిన ఫోర్జెయో అనే సాఫ్ట్‌వేర్ మీద కోడ్‌బెర్గ్ అనే సేవ నడుస్తోంది. దాన్ని బెర్లిన్‌లోని లాభాపేక్ష లేని సంఘం నడుపుతుంది, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులకే చోటిస్తుంది. మాస్టారి సిద్ధాంతానికి ఇది దగ్గర, మీ సహాధ్యాయికి చూడగానే గిట్‌హబ్‌లాగే కనిపిస్తుంది. దీనికి చెల్లించే మూల్యం ఏమిటంటే కోడ్ రాసేవాళ్లు ఇంకో ఖాతా తెరవాలి, దారిన పోతూ ఒక చిన్న ప్యాచ్ (సవరణ) ఇచ్చిపోయేవాళ్లు కొంత తగ్గుతారు. ఉచితంగా నడిచే సంఘం కనుక మీరు కూడా వీలైనప్పుడు చందా ఇవ్వడం మర్యాద.

కోడ్ ఎక్కడ ఉంటే బగ్‌లు కూడా అక్కడే ఉండాలన్న పట్టుదల కూడా అవసరం లేదు. లినక్స్ డెస్క్‌టాప్ తయారుచేసే కేడీఈ వారు 2020లో కోడ్‌ను గిట్‌హబ్ లాంటిదే అయిన గిట్‌ల్యాబ్‌కు మార్చినా బగ్‌లను తమ బగ్‌జిల్లాలోనే ఉంచారు. వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగో సాఫ్ట్‌వేర్ కోడ్ గిట్‌హబ్‌లో ఉంటే టికెట్లు (బగ్‌ల నమోదులు) ట్రాక్ అనే వేరే వ్యవస్థలో ఉన్నాయి. అది నడుస్తున్నది కూడా టికెట్లను వరసగా చదివి “చూడలేదు”, “ఒప్పుకున్నాం”, “చేర్చడానికి సిద్ధం” అని దశలు మార్చే మనుషులు ఉండబట్టే. మీకు అంతమంది లేరు గనుక రెండు చోట్ల తిరిగే శ్రమ మీకు ఎక్కువే అవుతుందని నా అభిప్రాయం.

ఏది ఎంచుకున్నా ఎప్పుడో ఒకనాడు మారవలసి వస్తుందనుకుని నంబర్ల విషయంలో ముందే జాగ్రత్తపడండి. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష ప్రాజెక్టు 2022లో తన పాత రౌండప్ ట్రాకర్ నుంచి గిట్‌హబ్‌కు మారినప్పుడు ప్రతి ఇష్యూకూ కొత్త నంబరు పడింది. పాత నంబర్ల ముందు “బీపీఓ” (పాత ట్రాకర్ చిరునామాకు పొట్టి పేరు) అన్న గుర్తు రాసే అలవాటు అంతకుముందే ఉండటం, పాత ట్రాకర్‌ను చదవడానికి మాత్రమే తెరిచి ఉంచి అక్కడినుంచి కొత్తదానికి దారి చూపడం వల్ల చరిత్ర తెగిపోలేదు. మీరు కూడా కమిట్ సందేశంలో (కోడ్ మార్పుకు జతచేసే వివరణలో) ఒట్టి నంబరు రాయకుండా ముందు మీ యాప్ పేరులోని రెండు మూడు అక్షరాలు చేర్చండి. గిట్‌హబ్‌లో ఇష్యూలకూ పుల్ రిక్వెస్టులకూ (మార్పులు చేర్చమని పంపే వినతులకూ) ఒకే వరసలో నంబర్లు పడతాయి కాబట్టి ఒట్టి నంబరు తరువాత అయోమయం చేస్తుంది. ఒక డొమైన్ కొని, బగ్‌లు చెప్పే చిరునామా ఆ డొమైన్ కిందే పెట్టి, అది ప్రస్తుతం ఏ ట్రాకర్‌కు వెళ్లాలో అక్కడికి మళ్లించండి. ట్రాకర్ మారినా రైతుల గ్రూపులో పెట్టిన చిరునామా మారదు. ఆ డొమైన్ ఒక్కరి సొంత ఖాతాలో కాకుండా ముగ్గురికీ అందే ఖాతాలో ఉండాలి.

ఇద్దరినీ సంతోషపెట్టడానికి గిట్‌హబ్‌నూ, మాస్టారి షీటునూ రెండింటినీ కొనసాగిస్తూ పోదామని మీకు అనిపిస్తుంది. ఉత్తరంలో ఆ ఛాయ కనబడింది. ఆ ఒక్కటి మాత్రం చేయకండి. రెండు చిట్టాలు ఉన్నప్పుడు ఏది నిజమో చెప్పగలిగేది మీరొక్కరే అవుతారు, ఇప్పటి పరిస్థితి అదే.

మీ స్థానంలో ఉంటే నేను ప్రస్తుతానికి గిట్‌హబ్‌లోనే ఉండి, పైన చెప్పినట్టు మాస్టారి దగ్గర పూర్తి నకలు ఉండేలా చూసుకుంటాను. కారణం సిద్ధాంతం కాదు. మీకున్న కొద్దిపాటి సమయం సర్వర్ మీద కన్నా ఫిర్యాదులు చదవడం మీద పెట్టడమే రైతుకు మేలు. ముగ్గురూ ఒప్పుకుంటే కోడ్‌బెర్గ్ కూడా నాకు సమ్మతమే. సొంత సర్వర్‌ను ఇంకో ఇద్దరు చేయి కలిపేదాకా వాయిదా వేస్తాను. కానీ దీన్ని తీర్పుగా కాక ఒక పంట కాలానికి, అంటే సుమారు నాలుగు నెలలకు, ప్రయోగంగా ప్రతిపాదించండి. పట్టుబడి అయ్యాక గ్రూపులో వచ్చిన ఫిర్యాదుల్లో ఎన్ని ట్రాకర్‌కు చేరాయి, ఎన్నిటికి తిరిగి జవాబు వెళ్లింది అని ముగ్గురూ కలిసి లెక్క చూడండి. ఆ లెక్క బాగాలేకపోతే అప్పుడు మాస్టారి మార్గం వినడానికి మీ సహాధ్యాయికి కూడా కారణం ఉంటుంది.

మాస్టారితో ఫోన్‌లోనూ గ్రూపులోనూ మాట్లాడకండి, భీమవరం వెళ్లి ఇంటి దగ్గరే కలవండి. ట్రాకర్ మాట ఎత్తకముందే ఆ బగ్ సంగతి చెప్పండి: “మాస్టారండీ, మీరు రాసిన రాత్రి రికార్డుల బగ్ నిజమేనండి. మేం పగలు చూసి లేదనుకుని మూసేశాం. దాన్ని మళ్లీ తెరిచాం, మీ పేరు మీదే ఉందండి.” ఆ ఇష్యూను నిజంగానే ముందు తెరిచి, దానిలోనే సరిచేసిన కోడ్‌ను జతచేసి వెళ్లండి. మిగతా మూడు ఫిర్యాదులను దానికి నకళ్లుగా కలపండి, తిరగేసి ఆయనది వేరొకదానికి నకలు చేయకండి. మీ సహాధ్యాయి ఆ ఇష్యూ కింద తాను ఏ వేళ పరీక్షించాడో ఒక్క వాక్యం రాస్తే చాలు. క్షమాపణ చెప్పమని అతన్ని ఒత్తిడి చేస్తే ఇంకో తగవు మొదలవుతుంది. ఆ తరువాత గిటీలో దాచే బ్యాకప్ బాధ్యత, మూసేసే నియమాలు రాసే బాధ్యత ఆయన్ను తీసుకోమని అడగండి. ఆయన ఒప్పుకోక, సొంత సర్వర్ ఒక్కటే దారి అంటే, ఆ మాటను కాదనకుండా రెండో అడ్మిన్ ఎవరన్నది మాత్రం ఆయన్నే అడగండి. సమాధానం దొరికితే ఆయన దారే మంచిది కావచ్చు.

ఎక్సెల్ షీటులో ఇంకా తేలని వరసలను మాత్రం ట్రాకర్‌లోకి ఎక్కించండి. తేలిపోయినవన్నీ ఉన్నదున్నట్టు ఒక ఫైలుగా రిపాజిటరీలో ఉంచండి, అది ఆ యాప్ చరిత్ర. వాట్సాప్ గ్రూపులోని పాత మాటలను కూడా ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోవచ్చు, కానీ ఆ ఫైలులో రైతుల నంబర్లు ఉంటాయి కాబట్టి దాన్ని రిపాజిటరీలో పెట్టకూడదు.

లేబుళ్ల విషయానికొస్తే, బగ్, కోరిక, అనువాదం వంటి నాలుగైదు లేబుళ్లకు మించి మొదట్లో పెట్టకండి. వాటి పేర్లు ఇంగ్లిషులో ఉంచి, పక్కన వివరణలో తెలుగు రాస్తే అనువాదకులకూ టెక్నీషియన్లకూ ఇద్దరికీ సరిపోతుంది. తీవ్రతకు మాత్రం ఒక ప్రత్యేక లేబుల్ పెట్టండి: తప్పు లెక్క చూసి రైతు తప్పు నిర్ణయం తీసుకునే ప్రమాదం ఉన్న బగ్‌లు. డీఓ తేదీ బగ్ ఆ వరుసలో మొదటిది. మేత లెక్కలో తేడా వచ్చే బగ్ ఏదైనా ఉంటే అదీ అక్కడే చేరాలి. వంతు ఎవరిదైనా ఆ వారం మొదట తెరవవలసింది ఆ లేబులే.